ప్రతి నకలూ అసలే

సైన్సు ప్రదర్శన కోసం మీరు ముగ్గురు కలిసి ఒక నివేదిక రాస్తున్నారనుకోండి. మొదటిరోజు దాన్ని కంప్యూటరులో 'నివేదిక' అన్న పేరుతో దాచారు. మర్నాడు 'నివేదిక కొత్తది' వచ్చింది. ఆ తర్వాత 'నివేదిక చివరిది'. ఇంకో రెండు రోజులకు 'అసలైన చివరిది' కూడా పుడుతుంది! ఇంతలో ఎవరో ఉష్ణోగ్రతల పట్టికను పొరపాటున తుడిచేశారు. అది ఏ ప్రతిలో మిగిలి ఉంది? తుడిచింది ఎప్పుడు? వెతుక్కోవలసిందే.

లక్షల పంక్తుల ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఈ చిక్కు ఇంకెంత పెద్దదో ఊహించండి. అందుకే మార్పులన్నిటినీ వరుసగా నమోదు చేసే 'వెర్షన్ కంట్రోల్' పద్ధతులు వచ్చాయి. పాతవాటిలో చాలావరకు చరిత్ర మొత్తం ఒకే కేంద్ర కంప్యూటరులో ఉండేది. మన దగ్గరుండేది తాజా ప్రతి ఒక్కటే. కేంద్రంతో సంబంధం తెగితే కొత్త మార్పును నమోదు చేయడం కుదరదు.

లినక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ బృందం 2002 నుంచి బిట్‌కీపర్ అనే ఉపకరణాన్ని వాడేది. దాన్ని ఉచితంగా వాడుకునే వీలు 2005లో పోయింది. ఆ ఏప్రిల్ 3న టోర్వాల్డ్స్ సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టాడు. 7వ తేదీకల్లా అది తన మార్పులను తానే నమోదు చేసుకునే స్థితికి వచ్చింది. అదే గిట్. నాలుగు రోజుల పని!

ఇక చేసి చూద్దాం. గిట్ ఉచితంగా దొరుకుతుంది. టెర్మినల్ తెరిచి, నివేదిక ఉన్న ఫోల్డరులోకి వెళ్ళి 'గిట్ ఇనిట్' అని కొట్టండి (ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా!). లోపల మామూలుగా కంటికి కనబడని ఒక ఫోల్డరు ఏర్పడుతుంది. చరిత్రంతా అందులోనే చేరుతుంది. 'గిట్ కన్ఫిగ్' ఆదేశంతో మీ పేరు, ఈమెయిలు ఒకసారి తెలియజేయండి. ఆపైన 'గిట్ యాడ్' అని ఫైలు పేరు ఇవ్వండి, తర్వాత 'గిట్ కమిట్' కొట్టండి.

రెండు ఆదేశాలెందుకు? బడిలో గ్రూపు ఫోటో తీసేటప్పుడు ముందు వరుసలో నిలబెడతారు, తర్వాతే క్లిక్ చేస్తారు కదా! యాడ్ అంటే నిలబెట్టడం, కమిట్ అంటే క్లిక్. వరుసలోకి రాని మార్పు ఫోటోలో ఉండదు. ప్రతి కమిట్‌తోపాటు ఏం మార్చారో ఒక వాక్యం రాయాలి. 'సరిచేశాను' అని రాస్తే చాలదు. ప్రయోగాల నోటుబుక్కులో 'ఏదో కలిపాను' అని రాసినవాళ్ళకు నేను మార్కులు వేయను.

ఇప్పుడు 'గిట్ లాగ్' కొడితే మీ కమిట్ పక్కన అంకెలు, అక్షరాలు కలిసిన 40 గుర్తుల పేరు కనిపిస్తుంది. ఇది ఎవరో పెట్టిన పేరు కాదు. ఫైళ్ళలో ఉన్నది, రాసినవారి పేరు, తేదీ, మీ వాక్యం, ముందటి కమిట్ పేరు – వీటన్నిటినుంచీ లెక్కగట్టినది. పాత కమిట్‌లో ఒక్క అక్షరం మార్చినా దాని పేరు మారుతుంది. దాని వెనుక వచ్చినవాటి పేర్లూ మారిపోతాయి. దొంగచాటుగా దిద్దితే దొరికిపోతారన్నమాట.

ఫైళ్ళకూ ఇలాంటి లెక్కే ఉంది. ఒక ఖాళీ ఫైలు చేసి 'గిట్ హ్యాష్-ఆబ్జెక్ట్' ఆదేశానికి ఇచ్చి చూడండి. ఇ69డిఇ29 అని మొదలయ్యే పేరు వస్తుంది. మీ స్నేహితురాలి కంప్యూటరులోనూ అదే వస్తుంది!

ఆమె మీ ఫోల్డరు ఉన్న చోటు చెప్పి 'గిట్ క్లోన్' కొడితే ఆమెకు అందేది ఈనాటి నివేదిక ఒక్కటే కాదు, మొదటిరోజు నుంచి మీరు కమిట్ చేసినదంతా. మీ కంప్యూటరు పాడైనా ఆమె దగ్గరున్న దానితో పని సాగుతుంది. క్లోన్ లేకుండా ఒక్క కంప్యూటరులోనే ఉంచుకుంటే మాత్రం డిస్కుతోపాటు చరిత్రా పోతుంది. ఇంకో జాగ్రత్త: పాస్‌వర్డును కమిట్ చేసి మర్నాడు తుడిచేసినా అది పాత కమిట్‌లో అలాగే ఉంటుంది, క్లోన్లతోపాటు నలుగురికీ చేరుతుంది.

ఇంటర్నెట్ లేకపోయినా ఎవరి కంప్యూటరులో వాళ్ళు కమిట్‌లు చేసుకుని, తర్వాత కలుపుకోవచ్చు. మీరు మొదటి పేజీ, ఆమె చివరి పేజీ దిద్దితే గిట్ తానే కలిపేస్తుంది. ఒకే పంక్తిలో మీరు 37 డిగ్రీలనీ ఆమె 39 డిగ్రీలనీ రాస్తే మాత్రం ఏది నిజమో అది తేల్చదు. రెండింటినీ ఒకదాని కింద ఒకటి చూపించి ఆగిపోతుంది. అప్పుడు థర్మామీటరు తీయవలసింది మీరే.