హొరేసు కవి – ఓర్పు

క్రీస్తుకు పూర్వము 65వ సంవత్సరమున దక్షిణ ఇటలీలోని వెనూసియా యను పట్టణమున హొరేసు జన్మించెను. ఆతని తండ్రి మొదట బానిస. పిమ్మట స్వేచ్ఛను బడసి, వేలము పాటల సొమ్ము వసూలు చేయు పనితో జీవించెను. ఆతనికి గల పొలము స్వల్పము. అయినను కుమారుని చదువు విషయమున ఆతడు వెనుదీయలేదు. ఊరి బడితో తృప్తిపడక, బాలుని రోము నగరమునకు గొనిపోయి మంచి గురువులయొద్ద చేర్చెను. తానే కావలిగా గురువులయొద్దకు వెంట నడచుచుండెను.

పెరిగి పెద్దవాడైన పిదప హొరేసు ఉన్నతవిద్యకై ఏథెన్సునకు వెళ్లెను. జూలియస్ సీజరును వధించినవారిలో నొకడగు బ్రూటసు అచ్చటికి వచ్చి, యువకులను తన సైన్యమున చేర్చుకొనెను. హొరేసునకు అందు అధికారి పదవి లభించెను. క్రీ.పూ. 42లో ఫిలిప్పీ యుద్ధమున బ్రూటసు పక్షము ఓడిపోయెను. తాను డాలును విడిచి పారిపోయితినని హొరేసు తరువాత తన కవితలో దాపరికము లేక చెప్పుకొనెను.

క్షమాభిక్ష పొంది ఆతడు తిరిగి వచ్చునప్పటికి తండ్రి యిల్లును, పొలమును చేజారిపోయెను. ఆతడు నిరాశతో క్రుంగిపోక, ప్రభుత్వ కోశాగారమున గుమాస్తాగా కుదురుకొని పద్యములు వ్రాయ నారంభించెను. పేదరికమే తనను కవిత్వమునకు పురికొల్పినదని ఆతడే వ్రాసెను.

మహాకవి వర్జిలు ఆతని ప్రతిభను గుర్తించి, మెసీనసు అను ప్రభువునకు ఆతని గూర్చి చెప్పెను. మొదటిసారి ఆ ప్రభువు నెదుట నిలిచినప్పుడు హొరేసునకు మాట తడబడెను. అయినను తాను గొప్పవంశమున పుట్టినవాడనని బొంకక, ఉన్నది ఉన్నట్లు చెప్పెను. తొమ్మిది నెలలు గడచిన పిదప మెసీనసు ఆతనిని మరల పిలిపించి, తన మిత్రులలో చేర్చుకొనెను.

క్రీ.పూ. 23లో హొరేసు గీతములు మూడు సంపుటములుగా వెలువడెను. ఒక గీతమున ఆతడు జీవితమును ఓడ ప్రయాణముతో పోల్చెను. ఎల్లప్పుడు నడిసముద్రమునకు దూసుకొనిపోవుటయు, తుఫానునకు జడిసి రాళ్లతో నిండిన తీరమును అంటిపెట్టుకొనుటయు రెండును ప్రమాదములే. కావున కష్టమున ఆశను, సుఖమున జాగ్రత్తను విడువరాదని ఆతని బోధ. మిత్రుడు క్వింటీలియసు మరణించి వర్జిలు దుఃఖించుచుండగా, పోయినవానిని ఎట్టి గానమును తిరిగి తేజాలదనియు, దిద్దరాని దుఃఖభారమును ఓర్పు తేలిక చేయుననియు హొరేసు ఓదార్చెను.

ఇవి సుఖముగా కూర్చుండి పలికిన నీతులు కావు. ఓటమిని, పేదరికమును చవిచూచినవాని మాటలు. కీర్తి వచ్చిన పిదపను హొరేసు తన తండ్రి బానిసయై యుండెనని చెప్పుటకు సిగ్గుపడలేదు; మరల జన్మ నెంచుకొను వీలున్నను ఆ తండ్రినే కోరుకొందునని వ్రాసెను. క్రీ.పూ. 8లో మెసీనసు మరణించిన కొలది కాలమునకే హొరేసును కన్నుమూసెను. ఆతనిని ఆ మిత్రుని సమాధి చెంతనే ఖననము చేసిరి.