ఆరవ మనిషి

సైన్యంలో పనిచేసి వచ్చిన తాతలు మీలో కొందరి ఇళ్లలోనైనా ఉండే ఉంటారు. గోడమీద టోపీ పెట్టుకున్న నలుపు తెలుపు ఛాయాచిత్రం, పెట్టె అడుగున రంగు వెలిసిన పట్టీకి వేలాడే పతకం, తెల్లవారుజామున లేచి పక్క మడత నలగకుండా సర్దే అలవాటు - ఇవన్నీ మీకు పరిచితమే కావచ్చు. మా ఇంట్లోనూ ఇవి ఉండేవి. లేనిది యుద్ధకథ ఒక్కటే. మా తాతయ్య యుద్ధం గురించి చెప్పేవారు కారు.

తాడేపల్లిగూడెం చేరువలో మాధవరం అనే గ్రామం ఉన్నది. తరతరాలుగా యువకులు సైన్యంలో చేరుతూ వచ్చినందువల్ల చుట్టుపక్కలవారు దానిని ‘మిలటరీ మాధవరం’ అంటారు. తాతయ్య ఆ ఊరివారు కారు. అయితే సెలవుమీద ఆ ఊరికి వచ్చిపోయే సిపాయిలను చూస్తూ పెరిగారు. 1942లో, ఇరవై ఏళ్లు నిండీ నిండకముందే, ఇంట్లో మాట మాత్రం చెప్పకుండా వెళ్లి మద్రాస్ సాపర్స్ దళంలో చేరారు. రెండవ ప్రపంచ యుద్ధంలో సుమారు 25 లక్షలమంది భారతీయులు ఆ విధంగా స్వచ్ఛందంగా సైన్యంలో చేరారని చరిత్రకారులు చెబుతారు. అందరూ వీరావేశంతోనే చేరారని అనుకోనక్కరలేదు. తాతయ్యను అడిగితే, “మూడు పూటలా తిండి పెడతారన్నారు” అనేవారు.

మద్రాస్ సాపర్స్ 1780 నాటి నుండి ఉన్న దళం. దాని కేంద్రం బెంగళూరు. తోవలు వేయడం, వంతెనలు కట్టడం, పాతిపెట్టిన మందుపాతరలను తొలగించడం వారి పని. సైన్యం అడుగు పెట్టడానికి ముందే వారు అక్కడ ఉండాలి.

నాకు పదేళ్లప్పుడు, బడిలో ఎవరితోనో పందెం వేసి వచ్చి, “తాతయ్యా! యుద్ధంలో ఎంతమందిని చంపావు?” అని అడిగాను. ఆయన కోపగించుకోలేదు. చాలాసేపు నా ముఖంలోకి చూసి, “మేము వంతెనలు కట్టాంరా అబ్బాయ్” అన్నారు. ఆ పైన బెయిలీ వంతెన గురించి చెప్పారు. అది ఇనుప చట్రాలను ఒకదానికొకటి చీలలతో బిగించి కట్టే వంతెన. ఒక్కొక్క చట్రం పొడవు 10 అడుగులు, బరువు 570 పౌండ్లు, అంటే దాదాపు 260 కిలోలు. దానిని ఎత్తడానికి యంత్రం అక్కరలేదు. ఆరుగురు మనుషులు చాలు. చట్రం కింద మూడు మోతకర్రలు దూర్చి, ఒక్కొక్క కర్రకు ఇద్దరు చొప్పున అటూ ఇటూ నిలబడి ఒక్కమారు లేపాలి. “ఆరుగురి ఊపిరీ ఒక్కటి కావాలి” అన్నారు తాతయ్య. నా పందెం పోయిందని నేను చిన్నబుచ్చుకున్నాను.

ఆ తరువాత నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివే రోజులకు ఆయన కళ్లకు పొర కమ్మింది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు సాయంకాలాలు భారతం చదివి వినిపించేవాడిని. భీష్మ ద్రోణ పర్వాలను నేను ఎంత ఉత్సాహంగా చదివినా ఆయన కునుకు తీసేవారు. యుద్ధం చూసినవాడికి యుద్ధవర్ణన రుచించకపోవడం నాకు వింతగా తోచింది. స్త్రీపర్వం వచ్చేసరికి మాత్రం ఆయన లేచి కూర్చున్నారు. రణభూమిలో పడి ఉన్న కొడుకుల మధ్య గాంధారి విలపించడం, ఆ పిమ్మట గంగ ఒడ్డున చనిపోయినవారికి తిలోదకాలు విడిచే వేళ, కర్ణుడు నా కొడుకేనని కుంతి బయటపెట్టడం విన్నారు. తిలోదకాలంటే నువ్వులు కలిపి పితృదేవతలకు విడిచే నీళ్లు. అంతా విని, “అంటే ఆమె చెప్పకపోతే ఆ నీళ్లు అతనికి దక్కవన్నమాట” అన్నారు. నేను తిక్కనగారి నాటకీయత గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పరీక్షకు పనికివచ్చే జవాబే అది. ఆయన అడిగినదానికి మాత్రం కాదు.

ఆ ఏడు, అంటే 1991లో, గోదావరికి పుష్కరాలు వచ్చాయి. తాతయ్యను తీసుకొని కొవ్వూరు గోష్పాద రేవుకు వెళ్లాను. పురోహితుడు చెప్పినట్లుగా తన తల్లిదండ్రులకు, మా నాయనమ్మకు పిండాలు పెట్టాక, తాతయ్య ఇంకొక పేరు చెప్పారు. ఆ పేరు మా వంశంలోది కాదు, మా కులంలోదీ కాదు.

“ఆయన మీకు ఏమవుతారండీ?” అని పురోహితుడు అడిగాడు.

“నాతో బరువు మోసినవాడండీ.”

“గోత్రం?”

“తెలియదండీ.”

గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పడం ఆచారం. పురోహితుడు అలాగే కానిచ్చాడు. తాతయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి దోసిట నీళ్లు విడిచారు. ఆ దోసిలి ఎంతకూ ఖాళీ కాలేదు. ఆయన చూపు ఎదుటనున్న రోడ్డు రైలు వంతెన మీద ఉంది. పొర కమ్మిన కళ్లకు అది ఎంతవరకు కనిపించిందో!

తిరుగు ప్రయాణంలో బస్సులో చెప్పారు. 1944 డిసెంబరులో బర్మాలో కలేవా వద్ద చింద్విన్ నదిమీద 1,100 అడుగులకు పైబడిన బెయిలీ వంతెనను సైన్యం కట్టింది. అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైన బెయిలీ వంతెన అదేనంటారు. ఆ ఒడ్డున తాతయ్య ఉన్నారు. మోతకర్రకు ఒక కొస ఆయనది. రెండవ కొస మా పొరుగూరి యువకుడిది. శత్రు విమానాల భయం చేత దీపాలు లేవు. చీకట్లో చట్రాన్ని తెప్ప మీదికి చేర్చేటప్పుడు తడిసిన పలకమీద అతని కాలు జారింది.

“చేతిలోది వదలకూడదురా. వదిలితే మిగతావాళ్ల కాళ్లు పోతాయి. నేను వదల్లేదు. అయిదుగురమూ నెమ్మదిగా దించేటప్పటికి వాడు ప్రవాహంలో ఎక్కడో ఉన్నాడు. ఒక్క కేక విన్నాను, అంతే.” కొంత దూరం పోయాక మళ్లీ అన్నారు: “చిన్నప్పుడు నువ్వు అడిగావు, ఎంతమందిని చంపావని. లెక్క చెప్పమంటే, ఒక్కణ్ణి.”

కాదని వాదించాను. ఆయన వారించలేదు, ఒప్పుకోనూ లేదు.

యుద్ధం ముగిసి ఊరికి వచ్చాక తాతయ్య ఆ మిత్రుని ఇంటికి వెళ్లారు. నీట మునిగి చనిపోయాడని, శవం దొరకలేదని అప్పటికే తంతి అందింది. తల్లి నమ్మలేదు. “నువ్వు కళ్లారా చూశావా నాయనా?” అని అడిగింది. “శవాన్ని చూడలేదమ్మా” అన్నారు తాతయ్య. ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె దానినే పట్టుకొని 40 ఏళ్లు బతికింది. కొడుకుకు కర్మకాండ జరిపించనివ్వలేదు. పండుగనాడు విస్తరి ఒకటి ఎక్కువ వేసేది. ప్రతి సంక్రాంతికి చీర పట్టుకొని వెళ్లే తాతయ్య ఆ విస్తట్లో కూర్చొని భోజనం చేసి వచ్చేవారు. 1956, 1967, 1979 పుష్కరాలలో ఆయన గోదావరికి వెళ్లినా ఆ పేరు ఉచ్చరించలేదు. బతికి ఉన్నాడని తల్లి నమ్ముతున్నంతకాలం ఆ కొడుకుకు పిండం పెట్టే అధికారం తనకు లేదనుకున్నారు. 1986లో ఆమె కన్నుమూసింది. తరువాత వచ్చిన మొదటి పుష్కరమే 1991 నాటిది.

అశ్వత్థామ మరణించాడని ధర్మరాజు ద్రోణునితో పలికిన మాటను గురించి తరగతిలో ఎన్నోసార్లు చర్చించాను. విద్యార్థులు రెండు పక్షాలుగా విడిపోతారు. ధర్మరాజు మాట ఒక ప్రాణం తీయడానికి ఉపకరించింది. తాతయ్య మాట ఒక ప్రాణాన్ని నిలిపింది. అందుచేత ఈ రెంటికీ పోలిక లేదని ఒకప్పుడు అనుకునేవాడిని. అయితే ఆ తల్లి తనివితీరా ఒకసారి ఏడ్చి ఊరట పొందే అవకాశాన్ని ఆ మాట 40 ఏళ్లు అడ్డుకుంది కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. తాతయ్య ఎదుట ఈ సందేహం వెలిబుచ్చే ధైర్యం నాకు కలగలేదు. ఆయనకు అది తట్టకుండా ఉంటుందని కూడా నేను అనుకోను.

రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్ అనే చోట యుద్ధ శ్మశానవాటిక ఉంది. అక్కడి స్మారక మండపం స్తంభాలమీద, సమాధికైనా నోచుకోని దాదాపు 27,000 మంది సైనికుల పేర్లు చెక్కారు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పినప్పుడు తాతయ్య, “అక్షరాలు పెద్దవేనా?” అని మాత్రం అడిగారు.

ఆయన 1998లో పోయారు. 2003 పుష్కరాలలో నేను అదే రేవులో నిలబడి ఆయన పేరు చెప్పాను. దాని వెంట రెండవ పేరూ చెప్పాను. ఆనాడు జనం విపరీతంగా ఉన్నారు. ఏమవుతాడని పురోహితుడు అడగలేదు. గోత్రం మాత్రం అడిగాడు. కాశ్యప అన్నాను.