గృహ విద్యుత్తు - పొదుపు, దుబారా
(బారువ తీరం నుండి ఒక పరిశీలన)

రాత్రి పదకొండు గంటలు దాటిన తరువాత బారువలోని ఏ డాబాయింటి మీటరునైనా కాసేపు పరికించి చూడండి. దీపాలన్నీ ఆరిపోయి ఇంటివారు నిద్రించిన వేళలో కూడా అందులోని చిన్న ఎర్రదీపం ఆగి ఆగి మెరుస్తూనే ఉంటుంది. పంకా తిరుగుతున్నది గనుక అది సహజమే అనుకోవచ్చు. పంకాను కూడా ఆపి చూడండి. మెరుపుల వేగం తగ్గుతుందే గాని, చాలా ఇళ్ళలో అవి పూర్తిగా ఆగవు. ఎవరూ వాడుకొనని ఆ విద్యుత్తు ఎక్కడికి పోతున్నది, దాని పరిమాణమెంత, దానిని తెలుసుకొనే ఉపాయమేమి అన్నవి ఈ వ్యాసంలో మేము చర్చించదలచిన విషయాలు.

ఈ సంచికను ఉర్దూ, తెలుగు రెండు భాషలవారూ చదువుతారు గనుక ఇక్కడొక మాట. ఉర్దూలో 'దొబారా' అంటే మరొకసారి అని అర్థం. తెలుగులో 'దుబారా' అంటే వృథావ్యయం. మన విషయానికి రెండర్థాలూ చక్కగా అమరుతున్నవి. ఒకసారి వాడుకొని ఆపివేశామనుకొన్న పరికరం మనకు తెలియకుండా మరొకసారి విద్యుత్తును వాడుకొంటున్నది.

విద్యుత్ పొదుపును గురించి ఎక్కడైనా వ్రాయవచ్చును. బారువను ఎన్నుకొనడానికి కారణం ఉన్నది. బారువ, సోంపేట ప్రాంతపు పల్లపు తడినేలలను ఇక్కడివారు బీల అంటారు. బీల నీటితో వరి పండుతున్నది. బీల చేపలతో మత్స్యకార కుటుంబాలు బ్రతుకుతున్నవి. ఆ నేలలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రాన్ని నిర్మించ తలపెట్టినప్పుడు రైతులు, మత్స్యకారులు ఎదిరించారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. అదే దినమున జాతీయ పర్యావరణ అప్పిలేటు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి లభించిన పర్యావరణ అనుమతిని రద్దుచేసింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 28న టెక్కలి సమీపంలోని కాకరాపల్లిలో కూడా మరొక విద్యుత్కేంద్రం విషయమై కాల్పులు, ప్రాణనష్టం సంభవించాయి. విద్యుత్తు స్విచ్చిలో పుట్టదనీ, దానికొక భూమి, కొంత నీరు, కొంత బొగ్గు, కొందరి జీవనం కావలసి వస్తుందనీ ఈ తీరం వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

అయితే ఒక అపార్థానికి తావివ్వరాదు. "కేంద్రం వద్దన్నారు గనుక ఇక మీరే దీపాలు తగ్గించుకోండి" అని బీల రైతుకు చెప్పడం అన్యాయం. రెండు దీపాలు, ఒక పంకా ఉన్న ఇంట పొదుపు చేయడానికి ఏమున్నది? దుబారా ఉన్నది మావంటి జీతగాళ్ళ ఇళ్ళలో, పలాస, టెక్కలి పట్టణాల కొత్త మేడలలో, అంతకుమించి మహానగరాలలో. ఈ పాఠం ముందుగా అక్కడికి చేరవలెను.

ఇక విషయానికి వద్దాం. పూర్వపు పరికరాలకు ఒకటే మీట. నొక్కితే వెలుగు, ఎత్తితే చీకటి. దూరనియంత్రణ సాధనం, అనగా మన రిమోట్, వచ్చిన తరువాత ఈ పద్ధతి మారింది. రిమోట్‌తో ఆపిన టెలివిజను నిజముగా ఆగిపోదు. మళ్ళీ ఎప్పుడు ఆజ్ఞ వస్తుందో అని చెవి ఒగ్గి కూర్చుంటుంది. ఆ నిరీక్షణకు ఖర్చయ్యేదే ఎదురుచూపు విద్యుత్తు. పరికరానికొక వాటుకు మించకుండా దీనిని తగ్గించాలని 1999లోనే అంతర్జాతీయ శక్తి సంస్థ ప్రతిపాదించింది. తరువాత అనేక దేశాలు ఆ మార్గంలో నిబంధనలు చేసినందున కొత్త టెలివిజన్లలో ఈ వ్యయం చాలా స్వల్పం. కాని దాని ప్రక్కనుండే డిష్ బాక్సు సంగతి వేరు. పాతరకం బాక్సును రిమోట్‌తో ఆపినా అది లోలోపల దాదాపు పూర్తిగా పనిచేస్తూనే ఉంటుంది. పది వాట్లు తీసుకొనే బాక్సును రోజుకు నాలుగు గంటలు చూచి, తక్కిన ఇరవై గంటలు అలాగే వదలినచో, సంవత్సరానికి 73 యూనిట్లు ఎవరూ చూడని కార్యక్రమాలకు ఖర్చవుతాయి. గోడ స్విచ్చిని ఆపితే మరునాడు బొమ్మ రావడానికి ఒకటి రెండు నిమిషాలు ఆగవలసి వస్తుందన్నదే ఇంటివారి అభ్యంతరం. ఆ రెండు నిమిషాల ఖరీదు ఇది.

మీ యింటి లెక్కను మీరే తీయవచ్చును. రాత్రి వేళ దీపాలు, పంకాలు ఆపండి. ఫ్రిజ్ ప్లగ్గును పది నిమిషాలపాటు తీసివేయండి. ఆ కొద్దిసేపటికి లోపలి పదార్థాలు చెడవు. తక్కినవాటిని ప్రతిరాత్రి ఎలా వదలుతారో అలాగే వదలండి. మీటరు ముఖంపై ఒక యూనిట్టుకు ఎన్ని మెరుపులో అంకె ముద్రించి ఉంటుంది. అది 3,200 అనుకొందాం. గడియారం చూచుకొంటూ పది నిమిషాలలో మెరుపులను లెక్కించండి. పది వచ్చినచో గంటకు అరవై. 60ని 3,200తో భాగించగా వచ్చేది సుమారు 19 వాట్ల నిరంతర వ్యయం. ఇది నెలకు పదమూడున్నర యూనిట్లు, ఏడాదికి 164. ఒక యూనిట్టుకు బొగ్గు కేంద్రంలో సుమారు 700 గ్రాముల బొగ్గు మండుతుంది. ఆ లెక్కన ఏడాదికి నూట పదిహేను కిలోలు! ఒక్కొక్క ప్లగ్గునూ తీస్తూ మళ్ళీ లెక్కించినచో దొంగ ఎవరో తేలుతుంది.

ఈ వెదుకులాటలో అందరూ అనుమానించే సెల్‌ఫోను చార్జరు నిర్దోషిగా బయటపడుతుంది. మంచి చార్జరు ఖాళీగా ఉన్నప్పుడు అర వాటు కూడా తీసుకొనదు. చేతితో తాకినప్పుడు ఎల్లవేళలా వెచ్చగా తగిలే పరికరాన్నే అనుమానించవలెను. గుంయిమని మ్రోగే పాత స్టెబిలైజరు అటువంటిది. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో స్టెబిలైజరు అవసరం లేదని ఉన్నప్పటికీ అలవాటు కొద్దీ దానిని తగిలించి ఉంచే ఇళ్ళు ఎన్నో!

ఇన్వర్టరు విషయం మాత్రం వేరుగా చెప్పవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలతోపాటు విద్యుత్ స్తంభాలు కూడా నేలకూలాయి. పల్లెలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. ఆ చీకటిని చూచినవారిని ఇన్వర్టరు మానుకోమనడానికి మాకు నోరు రాదు. అది బ్యాటరీని నిండుగా ఉంచడానికి కొంత విద్యుత్తును తీసుకొంటూనే ఉంటుంది. దానిని ఆపవద్దు. బ్యాటరీలో నీటిమట్టాన్ని సకాలంలో చూచుకొని, అవసరానికి మించిన పెద్దదాన్ని కొనకుండా ఉంటే చాలును.

ఎదురుచూపు విద్యుత్తును అరికట్టినంత మాత్రాన విద్యుత్కేంద్రాలు అక్కరలేకుండా పోతాయా? పోవు. కోటి ఇళ్ళలో ఇరవైయేసి వాట్లు మిగిలినచో 200 మెగావాట్లు. సోంపేటలో తలపెట్టిన కేంద్రంలో అది పదమూడవ వంతు. చిన్నదీ కాదు, సర్వస్వమూ కాదు. అసలైన పొదుపు పంకాలో ఉన్నది. మామూలు పంకా 75 వాట్లు తీసుకొంటే, బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు పంకా అదే గాలిని సుమారు 30 వాట్లతో ఇస్తుంది. ఉక్కపోసే ఈ తీరంలో రోజుకు పన్నెండు గంటలు తిరిగే పంకా మీద నెలకు పదహారు యూనిట్లు మిగులుతాయి. పంకాలపై నక్షత్రాల చీటీ 2023 జనవరి నుండి తప్పనిసరి అయినది గనుక కొనేముందు చూచుకోవచ్చును. దీపాల విషయంలో శ్రీకాకుళం జిల్లా ముందే మేల్కొన్నది. గుంటూరు, అనంతపురం, పశ్చిమగోదావరి జిల్లాలతోపాటు ఇక్కడ కూడా పాత బల్బులు తీసుకొని, పదేసి రూపాయలకు ఏడు వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పంచిన పథకం 2014లో ఆరంభమైంది. 60 వాట్ల బల్బు స్థానంలో అది రోజుకు ఐదు గంటలు వెలిగినా నెలకు ఎనిమిది యూనిట్లు తగ్గుతాయి.

డబ్బు లెక్కలో ఒక సూక్ష్మం ఉన్నది. మన రాష్ట్రంలో 2022-23 ధరల పట్టిక ప్రకారం మొదటి 30 యూనిట్లకు ఒక్కొక్కటి రూ.1.90, అక్కడినుండి మెట్టుమెట్టుకూ ధర పెరిగి 76 నుండి 125 వరకు రూ.4.50, 126 నుండి 225 వరకు రూ.6.00. నెలకు 140 యూనిట్లు కాల్చే ఇల్లు 30 యూనిట్లు తగ్గించినచో, తగ్గేవి అడుగునున్న చౌక యూనిట్లు కావు, పైమెట్టుమీది ఖరీదైనవి. పదిహేను యూనిట్లు ఆరు రూపాయల చొప్పున, పదిహేను నాలుగున్నర చొప్పున, మొత్తం రూ.157.50 మిగులును. అర్థశాస్త్ర విద్యార్థులకు ఉపాంత వ్యయమును బోధించడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలో మాకు కనబడలేదు.

చివరగా రెండు విషయాలు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టుతుంది. ఫ్రిజ్ తలుపు కీలు సడలి, రబ్బరు పట్టు వదలుతుంది. తలుపు మధ్య ఒక కాగితాన్ని ఉంచి మూసి లాగండి. సులభంగా జారి వచ్చిందంటే లోపలి చల్లదనం కూడా అలాగే జారిపోతున్నదన్నమాట, రబ్బరు మార్పించవలెను. రెండవది బావి మోటారు. ఫుట్‌వాల్వు కారుతున్నప్పుడు నీరు దిగజారిపోయి, మోటారు చాలాసేపు నీరెత్తకుండానే తిరుగుతుంది. కొళాయి దగ్గర నీరు రావడానికి ఎన్ని నిమిషాలు పట్టుతున్నదో ఇంట్లో నీళ్ళు పట్టేవారికి బాగా తెలుసు. మీటరును మనం చూచే ముందు వారిని అడగడం మంచిది.