లాగే ముందు



తుంటి కీలు జారితే 6 గంటలు దాటనివ్వొద్దని మీరే చెప్పారు కదా, మరి క్యాజువాలిటీలోనే లాగేయకుండా మత్తు డాక్టరు కోసం ఆగటం తప్పా అని అడిగావు. తప్పు కాదమ్మా. 12 ఏళ్ల పిల్లాడికి నువ్వు చేసిందే సరి.

6 గంటల మాట నిజమే. కీలు బయట ఉన్నంతసేపూ తొడ ఎముక బంతికి రక్తం అందించే నాళాలు మెలిపడి ఉంటాయి. ఆలస్యమయ్యేకొద్దీ బంతి చచ్చుబడే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి అర్ధరాత్రయినా మత్తు డాక్టరును లేపటానికి మొహమాటపడకు. కానీ ఆ వయసులో బంతికీ మెడకీ మధ్య గ్రోత్ ప్లేటు ఇంకా అతుక్కుని ఉండదు. కండరాలు బిగిసి ఉండగా గుంజావనుకో, కీలు లోపలికి రాకపోగా ప్లేటు దగ్గర బంతే ఊడిపోవచ్చు. ఆ తర్వాత దాన్ని బతికించుకోవటం చాలా కష్టం. పూర్తి మత్తు, కండరాలు సడలే మందు, పక్కన సి-ఆర్మ్ ఎక్స్‌రే లేకుండా ఎదిగే పిల్లల తుంటి మీద చెయ్యి వెయ్యొద్దు.

'ఇద్దరం గట్టిగా లాగాం సార్' అన్న వాక్యం మాత్రం నాకు నచ్చలేదు. గట్టిగా ఎందుకు? వెనక్కి జారిన తుంటిలో మనకు అడ్డుపడేది కీలు ముందున్న వై ఆకారపు లిగమెంటు అని బాస్టన్‌లో బిగెలో 1869లోనే పుస్తకం రాశాడు. కాలు చాచి లాగితే అది బిగుస్తుంది. తుంటినీ మోకాలినీ 90 డిగ్రీలు మడిస్తే వదులవుతుంది. ఒకరు కటిని నొక్కిపట్టాలి, నువ్వు తొడను నిలకడగా పైకి ఎత్తుతూ మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. అయినా రాకపోతే లోపల ఏదో అడ్డుందని అర్థం. బలం పెంచకు, తెరిచి చూడాలి.

లాగే ముందు పాదం పైకెత్తగలుగుతున్నాడో లేదో చూశావా? కేస్ షీట్‌లో ఎక్కడా లేదు. సయాటిక్ నరం దెబ్బలోనే పోయిందో నీ చేతిలో పోయిందో రేపు ఎవరు చెప్పగలరు? ఇంకెప్పుడూ ఇలా వదిలేయకు.

లాగాక తీసిన ఎక్స్‌రేలో దెబ్బతిన్న వైపు కీలు సందు రెండో వైపు కంటే కాస్త వెడల్పుగా ఉంది. టక్కుమని చప్పుడైందని నిశ్చింతగా ఉండిపోయావు. పిల్లల్లో కీలు గిన్నె అంచు చాలావరకు మృదులాస్థే. అది చిరిగి లోపల ఇరుక్కున్నా ఎక్స్‌రేలో కనపడదు. ఎమ్మారై తీయించు.

కీలు పడింది కదా, ఇక పుత్తూరు కట్టు వేయించుకుంటామని వాళ్ల నాన్న అంటున్నాడన్నావు. కసరకు. బంతి చచ్చుబడటం నెలల తర్వాత గానీ బయటపడదని, కనీసం రెండేళ్లు ఎక్స్‌రేలు తీస్తూ ఉండాలని కూర్చోబెట్టి చెప్పు. ఎమ్మారై రాగానే ఫిల్ములు పట్టుకుని రా. అందాకా వాడిని ఆ కాలి మీద బరువు మోపనివ్వకు.