అర మైలు లెక్క

సైకిలు మీద ఎదురుగాలికి పోయే మనిషిని చూడండి. ఒళ్ళు ముందుకు వంచుతాడు. తల దించుతాడు. ఎందుకు? నిటారుగా కూర్చుంటే గాలి ఛాతీకి కొట్టి వెనక్కి నెడుతుంది. వంగితే ఆ గాలి వీపు మీది నుంచి జారిపోతుంది.

గాలి కంటికి కనబడదు. కాని దానికి బలముంది. మనం ఎంత జోరుగా పోతే అది అంత గట్టిగా అడ్డం పడుతుంది. వేగం రెండింతలైతే గాలి అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

ఈ గాలితో ఒక మనిషి నలభై ఏళ్ళు పోట్లాడాడు. చివరికి గెలిచాడు. కాని ఆ గెలుపును కాగితం మీద రాసేటప్పుడు లెక్క తప్పింది. ఆ తప్పు 47 ఏళ్ళు అట్లాగే ఉండిపోయింది. ఆ కథ చదువుదాం.

పాత బండి

ఆయన పేరు బర్ట్ మన్రో. ఆయనది న్యూజీలాండ్ దేశం. అది ఆస్ట్రేలియాకు అవతల, సముద్రంలో ఉన్న దీవుల దేశం. ఆ దేశానికి దక్షిణం కొసన ఇన్వర్‌కార్గిల్ అనే ఊరుంది. మన్రో 1899లో పుట్టాడు. చాలాకాలం ఆ ఊళ్ళో బతికాడు.

1920లో మన్రో ఒక మోటారు సైకిలు కొన్నాడు. దాని పేరు ఇండియన్ స్కౌట్. పేరు చూసి మన దేశం బండి అనుకోకండి. అది అమెరికా కంపెనీ చేసిన బండి. కొత్తలో అది గంటకు 55 మైళ్ళు పోయేది. మైలు అంటే సుమారు ఒకటిన్నర కిలోమీటరు, ఇంకా కొంచెం ఎక్కువ. అంటే ఆ బండి గంటకు 88 కిలోమీటర్లు పోయేదన్నమాట.

మన్రోకు అది చాలలేదు. ఇంకా జోరుగా పోవాలి. ఉన్న బండినే బాగు చేసుకోవాలని పట్టు పట్టాడు.

చేతి పని

మన్రో పగలు మోటారు సైకిళ్ళు అమ్మే పని చేసేవాడు. రాత్రిళ్ళు తన బండి పని చేసుకునేవాడు. పెద్ద మిషన్లు లేవు. తన పనిముట్లు చాలావరకు తనే చేసుకున్నాడు. ఇంజనులో పైకీ కిందికీ ఆడే భాగాన్ని పిస్టన్ అంటారు. ఆ పిస్టన్లను తనే లోహం కరిగించి పోత పోశాడు. పోత పోయడానికి పాత డబ్బాలు వాడాడు. పాత బండి ఇరుసు ఉక్కును ఆకురాయితో రాకి రాకి ఇంజను కడ్డీలు చేశాడు. కొలత చూడడానికి చక్రం పుల్ల ఒకటి పెట్టుకున్నాడు. అదే ఆయన కొలబద్ద.

చేసినవన్నీ నిలిచాయా? లేదు. ఎన్నో విరిగాయి, ఎన్నో కాలిపోయాయి. వాటిని ఆయన పారెయ్యలేదు. షెడ్డులో ఒక అరలో వరసగా పెట్టాడు. 'వేగం దేవుడికి కానుకలు' అని ఆ అర మీద రాశాడు. ఏది ఎక్కడ విరిగిందో చూసుకుని, తర్వాతిది ఇంకా గట్టిగా చేసేవాడు. అట్లా ఇంజను బలం పెరుగుతూ వచ్చింది.

చేప లాంటి తొడుగు

ఇంజను బలం ఒక్కటే చాలదు. ముందు చెప్పుకున్నాం కదా, వేగం పెరిగే కొద్దీ గాలి గోడలా నిలబడుతుంది. మరేం చెయ్యాలి?

చేపను చూడండి. ముందు గుండ్రం, వెనక సన్నం. నీళ్ళను చీల్చుకుని పోతుంది. చీలిన నీళ్ళు పక్కల నుంచి జారి, తోక వెనక మళ్ళీ కలుస్తాయి. గాలిలో పోయే బండికి కూడా అట్లాంటి ఆకారమే మంచిది.

మన్రో రేకును సుత్తితో కొట్టి వంచి బండికి పొడవాటి తొడుగు చేశాడు. తర్వాత ఫైబర్‌గ్లాసుతో కూడా చేశాడు. బండి, చక్రాలు అన్నీ ఆ తొడుగు లోపలే. మనిషి బండి మీద కూర్చోడు. బోర్లా పడుకుని నడపాలి. మనిషి ఒళ్ళు ఎంత కిందికి ఉంటే గాలికి అంత తక్కువ తగులుతుంది.

తొడుగుతో ఒక ముప్పు కూడా ఉంది. పక్కగాలి కొడితే తొడుగు మొత్తానికీ తగులుతుంది. బండి ఊగిపోతుంది. అంత వేగంలో బండి ఊగితే ప్రాణానికే ముప్పు.

ఉప్పు నేల

అమెరికాలో యూటా అనే రాష్ట్రముంది. అక్కడ బానివిల్ అనే చోట పెద్ద ఉప్పు మైదానముంది. కంటిచూపు ఆనినంత మేర తెల్లటి ఉప్పు. నేల పీట వేసినట్టు చదును. చెట్టు లేదు, గుట్ట లేదు. వేగం పందాలకు అది పేరుపడ్డ చోటు.

మన్రో తన బండిని తీసుకుని సముద్రం దాటి అక్కడికి పోయాడు. 1962లో తన తరగతి బండ్లలో రికార్డు సాధించాడు. అప్పటికి ఆయన వయసు 63 ఏళ్ళు. 1966లో మళ్ళీ సాధించాడు. 1967 ఆగస్టులో మూడోసారి. అప్పుడు ఆయనకు 68 ఏళ్ళు. బండికి 47 ఏళ్ళు.

ఆ ఏడు ఒక పరుగులో బండి ఊగడం మొదలైంది. వేగం తగ్గించాలని మన్రో తల పైకెత్తాడు. గాలి ఆయన కళ్ళద్దాలను లాగేసింది. కళ్ళకు ఏమీ కనబడలేదు. చివరికి బండిని పక్కకు పడేశాడు. ఒంటి నిండా గీతలు పడ్డాయి. ప్రాణం దక్కింది.

రెండు పరుగులు ఎందుకు?

రికార్డు రాయడానికి ఒక నియమముంది. ఒక్కసారి పోతే చాలదు. అటు ఒకసారి, ఇటు ఒకసారి పోవాలి. ఎందుకంటే గాలి వెనక నుంచి తోస్తే వేగం పెరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది. రెండు పరుగులూ కలిపి సగం చేస్తే న్యాయమైన లెక్క వస్తుంది. దాన్నే సగటు అంటారు.

1967లో మన్రో ఒక పరుగులో గంటకు 184.71 మైళ్ళ వేగంతో పోయాడు. ఇంకో పరుగులో 183.46 మైళ్ళు. చుక్క చూసి భయపడకండి. రూపాయలు, పైసలు అనుకోండి.

ఒక పరుగు: 184 రూపాయల 71 పైసలు
ఇంకో పరుగు: 183 రూపాయల 46 పైసలు
రెండూ కలిపితే: 368 రూపాయల 17 పైసలు
అందులో సగం: 184 రూపాయల 8 పైసలన్నర. సుమారు 9 పైసలు అనుకుందాం.

కాని రికార్డు పుస్తకంలో ఎంత పడింది? 183 రూపాయల 59 పైసలు. అంటే 50 పైసలు తక్కువ. మైళ్ళలో చెప్పాలంటే అర మైలు తక్కువ.

కొడుకు చూసిన తప్పు

మన్రో 1978 జనవరిలో చనిపోయాడు. అర మైలు పోయిన సంగతి ఎవరికీ పట్టలేదు. పుస్తకంలో అచ్చయింది కదా, సరిగానే ఉంటుందని అందరూ అనుకున్నారు.

ఆయన కొడుకు జాన్ మాత్రం ఆ లెక్కను చూశాడు. సగటు తప్పిందని గమనించాడు. ఆ సంగతి అమెరికా మోటారు సైకిలు సంఘానికి తెలియజేశాడు. సంఘం వాళ్ళు మళ్ళీ లెక్క వేశారు. తప్పు నిజమేనని తేలింది. 2014లో రికార్డును 184.087 మైళ్ళుగా దిద్దారు. అంటే గంటకు 296 కిలోమీటర్లు. గంటకు 60 కిలోమీటర్లు పోయే బస్సుకు దాదాపు అయిదింతలు! మన్రో పోయిన 36 ఏళ్ళకు ఆయన అర మైలు ఆయనకు దక్కింది.

అర మైలు ఎంత? బండి దాన్ని పది సెకన్లలో దాటేస్తుంది. అయితేనేం? ఆ అర మైలు కోసం ఆ మనిషి ఎన్ని రాత్రులు ఆకురాయి పట్టాడో! కష్టం ఆయనది. లెక్క రాసింది వేరేవాళ్ళు. కష్టపడ్డవాడి వైపు నుంచి ఒకరు ఆ లెక్క చదివారు కాబట్టి తప్పు బయటపడింది.

కూలి లెక్కయినా, పొదుపు పుస్తకమయినా అంతే. రాసినవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. మంచివాళ్ళకు కూడా లెక్క తప్పుతుంది. మన కష్టం లెక్క మనం చదువుకోవాలి. మనమే ఇంకోసారి కూడి చూసుకోవాలి.

కొత్త మాటలు

ఇరుసు: రెండు చక్రాలను కలిపే కడ్డీ.
ఆకురాయి: ఇనుమును రాకే పనిముట్టు.
తొడుగు: పైన కప్పి ఉంచేది.
సగటు: రెండింటిని కలిపి, రెండు భాగాలు చేస్తే వచ్చేది.

లెక్క చెయ్యండి

1. లక్ష్మి సోమవారం 310 రూపాయలు, మంగళవారం 290 రూపాయలు కూలి తెచ్చింది. రోజుకు సగటు ఎంత?
2. మీ పొదుపు పుస్తకం తెరవండి. చివరి మూడు నెలలు కట్టిన డబ్బు కూడండి. పుస్తకంలో రాసిన మొత్తంతో సరిపోయిందా?

మాట్లాడుకోండి

1. విరిగిన భాగాలను మన్రో ఎందుకు దాచిపెట్టాడు?
2. రికార్డుకు రెండు వైపులా ఎందుకు పోవాలి?
3. లెక్క తప్పిందని మీకు ఎప్పుడైనా అనిపించిందా? అప్పుడు ఏం చేశారు? ఇప్పుడైతే ఏం చేస్తారు?