పాఠశాలలో మంత్రణం – శిక్షణావశ్యకత

1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి ఒక ఉపాధ్యాయురాలు 14 ఏండ్ల బాలుని వెంటబెట్టుకొని వచ్చింది. ఇతర విషయాలలో చురుకైనవాడే గాని, పదాల వర్ణక్రమం మాత్రం అతనికి ఎంతకూ పట్టుబడేది కాదు. లైట్నర్ విట్మర్ అను మనస్తత్వ శాస్త్రాచార్యుడు పరిశీలించగా బాలుని దృష్టిలో దోషమున్నట్లు తేలింది. కళ్ళద్దాలు అమర్చి, ప్రత్యేక బోధన జరిపించారు. మందబుద్ధి అని ముద్ర పడవలసిన పిల్లవాని అసలు బాధ మరొకటి! అదే సంవత్సరం విట్మర్ నెలకొల్పిన మనోవైజ్ఞానిక చికిత్సాలయం పాఠశాల మనస్తత్వ శాస్త్రానికి నాంది పలికింది.

కౌన్సెలింగును మన విద్యాశాస్త్ర గ్రంథాలు మంత్రణమని వ్యవహరిస్తున్నాయి. 1908లో బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ యువకులకు వృత్తి మార్గదర్శనం చేయు కార్యాలయాన్ని ప్రారంభించాడు. పాఠశాల మంత్రణానికి అదియే మూలం. నేడు ఈ రెండు వృత్తులూ వేర్వేరు. చదువు, వృత్తి ఎంపిక, మనోవేదనల విషయంలో విద్యార్థులందరికీ అండగా నిలుచువాడు మంత్రణకారుడు. అభ్యసన వైకల్యాలను, ప్రవర్తనా సమస్యలను పరీక్షల ద్వారా నిర్ధారించి తగిన బోధనను సూచించువాడు పాఠశాల మనోవిజ్ఞాని.

1957లో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించిన పిమ్మట, 1958లో అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. దాని నిధులతో విశ్వవిద్యాలయాలలో మంత్రణకారుల శిక్షణ విస్తరించింది. అక్కడి గుర్తింపు ప్రమాణాల ప్రకారం, మంత్రణంలో ఎం.ఏ. స్థాయి విద్యార్థి తరగతి పాఠాలతో పాటు 100 గంటల ప్రాథమిక సాధన, ఆపై 600 గంటల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. పాఠశాల మనోవిజ్ఞానికి 1,200 గంటలు. అందులో కనీసం సగం పాఠశాలలోనే గడపాలి.

ఇన్ని గంటలు ఎందుకు? వినడం నేర్చుకొనుటకు. శిక్షణార్థి విద్యార్థితో మాట్లాడిన తీరును అనుభవజ్ఞుడు పరిశీలించి, ఎక్కడ తొందరపడినాడో, ఎక్కడ పిల్లవాని మాటను తుంచినాడో చూపిస్తాడు. విద్యార్థి చెప్పిన రహస్యాన్ని కాపాడుటయు, ప్రాణాపాయమున్నప్పుడు పెద్దలకు తెలియజేయుటయు ఈ పర్యవేక్షణలోనే అలవడుతాయి. ఇవి పుస్తకంతో పట్టుబడేవి కావు.

మన దేశంలో మొదలియార్ కమిషన్ 1952–53లోనే మార్గదర్శనం అవసరాన్ని చెప్పింది. 1954లో ఢిల్లీలో కేంద్ర మార్గదర్శక సంస్థ వెలసింది. అయినను అనేక పాఠశాలలకు ఆ సేవ అందలేదు. విశాఖపట్టణంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన వ్యాజ్యంలో 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను అర్హుడైన మంత్రణకారుడో, మనోవిజ్ఞానియో, సామాజిక కార్యకర్తయో ఉండవలెనని ఆదేశించింది. ఉత్తర్వుతో పదవి ఏర్పడుతుంది; అర్హత మాత్రం సాధనతోనే వస్తుంది.

మన ప్రాంతంలో మరొక చిక్కు ఉన్నది. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు – ఇట్టి బాలునికి ఇంగ్లీషులో ప్రజ్ఞా పరీక్ష పెడితే మనం కొలిచేది ప్రజ్ఞనా, భాషనా? కనుక ఇక్కడి శిక్షణలో మాతృభాషలో మంత్రణం, స్థానికంగా ప్రమాణీకరించిన పరీక్షలు చోటు చేసుకోవాలి.

కొన్నేండ్ల క్రితం నా తరగతిలో ఒక విద్యార్థి వెనుక బల్లపై కూర్చుండి నిద్రపోయేవాడు. శ్రద్ధను గూర్చి అతనికి దీర్ఘోపన్యాసమిచ్చాను. తలవంచుకొని విన్నాడు. కొన్నాళ్ళకు కళాశాలకు రావడమే మానినాడు. తండ్రి మంచాన పడగా రాత్రులు హోటలులో పని చేసేవాడని తరువాత తెలిసింది. నేను సలహా చెప్పానే గాని, ఒక్క ప్రశ్న అడగలేదు. నాకు సద్భావం ఉన్నది, శిక్షణ లేదు.

విద్యార్థి మిత్రులారా! మనస్తత్వ శాస్త్రం, విద్యాశాస్త్రం అభ్యసించగోరువారు మీలో ఉంటే, ఈ వృత్తిని గూర్చి ఆలోచించండి. రెండు భాషలు తెలిసిన మీ కొరకు ఎన్నో వెనుక బల్లలు ఎదురుచూస్తున్నాయి.