దైవశిక్షయు పశ్చాత్తాపమును

విగ్రహారాధనమును భగవంతుడేల శిక్షించును? రాతికి మ్రొక్కినందున ఆయనకు కలుగు నష్టమేమి? ఈర్ష్య చెందుటకు ఆయన మనుష్యుడు కాడుగదా! ఈ ప్రశ్నను విచారించువారికి యూదుల చరిత్రమునందు యిర్మీయా ప్రవక్త కాలముకంటె తగిన పాఠము వేరొకటి మాకు కానరాదు.

క్రీస్తునకు పూర్వము 622వ సంవత్సర ప్రాంతమున యెరూషలేము దేవాలయమును బాగుచేయించుచుండగా ధర్మశాస్త్ర గ్రంథమొకటి దొరకెను. దానిని విని యోషీయా రాజు వస్త్రములు చింపుకొనెను, దేశమందలి విగ్రహములను పగులగొట్టించెను, బలిపీఠములను పడగొట్టించెను. సంస్కరణము రాజాజ్ఞచే జరిగెను గాని హృదయములు రాజాజ్ఞకు లోబడునవి కావు. 609లో ఆ రాజు మెగిద్దోయొద్ద హతుడైన పిమ్మట పాత పూజలు మరల తలయెత్తెను. బిడ్డలు కట్టెలేరగా, తండ్రులు నిప్పు రాజవేయగా, తల్లులు పిండి పిసికి ఆకాశరాణికి నైవేద్యములు చేయుచుండిరని యిర్మీయా గ్రంథము చెప్పుచున్నది.

అయినను ప్రవక్త యొక్క ప్రధానమైన అభియోగము పిండివంటలను గూర్చినది కాదు. ఆయన దేవాలయ ద్వారమున నిలిచి, పరదేశిని, తండ్రిలేనివానిని, విధవను బాధించుచు, దొంగిలించుచు, అబద్ధప్రమాణములు చేయుచు, ఆలయమున్నది గనుక మాకు భయములేదనుకొను వారిని నిలదీసెను. ఏ విగ్రహమును లేని ఆ ఆలయమే వారికి విగ్రహమైపోయెను! నడవడిని గూర్చి మనలను ప్రశ్నింపక, అభయము మాత్ర మిచ్చునదే విగ్రహము. ఇది మా నిశ్చయము.

ప్రవక్త మాటలను బారూకు అనువాడు గ్రంథముగా వ్రాసెను. అది యెహోయాకీము రాజునకు చదివి వినిపింపబడెను. అది చలికాలము, ఎదుట కుంపటి మండుచుండెను. మూడు నాలుగు పుటలు చదువగనే రాజు చాకుతో కోసి నిప్పులో వేయుచు గ్రంథమంతయు కాల్చివేసెను. తండ్రి గ్రంథమును విని వస్త్రము చింపుకొనెను. కుమారుడు గ్రంథమునే చింపెను. బారూకు దానిని మరల వ్రాసెను. కాగితమును కాల్చినంతమాత్రాన ధర్మము కాలునా?

పిమ్మట సిద్కియా కాలమున బబులోను సైన్యము నగరమును ముట్టడించెను. అప్పుడు ప్రభువులు భయపడి, ఆరేండ్లు సేవచేసిన స్వజాతి దాసుని ఏడవయేట విడువవలెనను మరచిన శాసనమును తలచుకొని, దేవునియెదుట నిబంధన చేసి తమ దాసదాసీజనమును విడిచిరి. ఇంతలో ఐగుప్తు సైన్యము వచ్చుచున్నదని విని శత్రువులు తాత్కాలికముగా వెడలిపోయిరి. వెంటనే ప్రభువులు విడిచినవారినందరిని మరల పట్టి దాస్యమున పెట్టిరి! మేము న్యాయస్థానములలో తరచుగా చూచునది యిదియే. ఓడుదుమను భయమున్నంతకాలము రాజీకి చేతులు జోడించినవాడే, భయము తీరిన మరునాడు ఆ మాట యెరుగనట్లు నటించును. అది పశ్చాత్తాపము కాదు. శిక్షతో చేసిన బేరము.

శత్రువులు మరల వచ్చిరి. 586వ సంవత్సర ప్రాంతమున నగరము కూలెను, దేవాలయము దగ్ధమయ్యెను. మిగిలినవారిలో కొందరు ప్రవక్త వలదన్నను వినక, ఆయననుగూడ వెంటగొని ఐగుప్తునకు పోయిరి. అక్కడనైనను మారుడని ఆయన హెచ్చరింపగా వారిచ్చిన యుత్తరము మిక్కిలి విచారింపదగినది. ఆకాశరాణికి ధూపము వేసిన దినములలో తమకు అన్నము సమృద్ధిగా నుండెననియు, అది మానినది మొదలు కత్తియు కరవును తమను తినివేసెననియు, కావున మరల వేయుదుమనియు వారు చెప్పిరి. సాక్ష్యమొక్కటియే, ప్రవక్తయు ప్రజలును దానినుండి తీసిన తీర్పులు రెండు! మారనిచ్చగింపని మనస్సునకు విపత్తుసైతము పాత దోషమును సమర్థించు వాదమే యగును.

కాబట్టి దైవశిక్ష యనగా ఆకాశమునుండి పడు పిడుగు కాదని మేము తలచుచున్నాము. మనము విడువని అధర్మముయొక్క ఫలమును మనచేతనే అనుభవింపజేయుటయే ఆ శిక్ష. అది కసిచే కలిగినది కాదు, కన్ను తెరిపించుటకు కలిగినది. అయినను కన్ను తెరచుట మనవంతు. దానిని బలవంతముగా తెరచువాడు కాడు దయామయుడు.

సోదరులారా! మన యిండ్లలో విగ్రహములు లేవని సంతసించుచున్నాము. మంచిదే. కాని మన మందిరమును, మన సభలును, మన సంస్కర్తలమను పేరును మనకు అభయమిచ్చు విగ్రహములు కాలేదుగదా? జబ్బుపడినపుడు ఇచ్చెదమన్న పాలేరు కూలిని కోలుకొన్నపిమ్మట ఇచ్చితిమా? ఆపదలో చేసిన ప్రతిజ్ఞ ఆపద గడచిన మరునాడు ఏమయ్యెనో, నేటి ప్రార్థనకు ముందు ఎవరికి వారు విచారించుకొందుము గాక.